మాట ముగిసేదాకా మారని పేజీ

ఆడి కృత్తిక అయిన మరుసటి శనివారం ఇది. పొద్దున కాలేజీకని తిరువళ్ళూరు స్టేషన్లో దిగుతుంటే కంప్యూటర్ అక్క నంబరు నుంచి ఫోను. నాకప్పగించిన పేజీ సంగతి అడుగుతుందని ఎత్తలేదు. మళ్ళీ మోగితే ఎత్తినాను. మాట్లాడింది అక్క కాదు, వాళ్ళాయన. "అక్క పోయింది నాయనా. నిద్రలోనే."

తిరుత్తణిలో మా వీధి చివర మేడమీద అక్క కంప్యూటర్ క్లాసు నడిపేది. బడిలో తమిళం చదివిన నాకు తెలుగక్షరం పట్టుబడింది అక్కడే, అక్క చేసిన ఒక వెబ్ పేజీలో. పైన టైపు చేసే పెట్టె, కింద అదే పెద్దక్షరాల్లో. 'క' కొట్టి గుడి పెడితే కింద 'కి' అయ్యేది. కింది అక్షరాన్ని తాకి గుడిదీర్ఘం ఎంచుకుంటే, పైన పెట్టెలోనూ 'కీ' అయ్యేది. తెలిసిన పేర్లన్నీ కొట్టి చూసుకున్నాను. మాటల పిచ్చి అప్పుడే పట్టింది.

దాన్ని టూ-వే బైండింగ్ అంటారని తర్వాత చెప్పింది. "ఒకవైపే పోతే ఆర్డరేసేదిరా. రెండువైపులా పోతేనే మాట్లాడుకునేది." నా కోడ్ తప్పయితే తిట్టేది కాదు, బొరుగుల డబ్బా నావైపు జరిపేది.

ఈమధ్య ఆదివారాలు వీధి పిల్లలు ఫోన్లు తెచ్చుకుని ఆ పేజీలో నేర్చుకుంటున్నారు. ఫోన్లో ఇంగ్లీషక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకుంటే, మాట ముగిసి స్పేస్ నొక్కేదాకా కింద ఏమీ మారదు. పేజీకి అక్క వాడుకున్న రెడీమేడ్ కోడు, ఆ ఫ్రేమ్‌వర్క్ తీరే అంత. కంటి ఆపరేషనయినాక స్క్రీన్ చూడలేక, సరిచేయమని అక్క నాకప్పగించింది.

"మాట అయినాక కనిపిస్తుంది కదక్కా, ఏం తొందర?"

"నీకు రాయను వచ్చేసింది, తొందరెందుకుంటుంది? వాళ్ళు తప్పు కొట్టేటప్పుడే చూడల్ల కదరా."

అడిగినప్పుడల్లా పరీక్షలన్నాను, ప్రాజెక్టన్నాను.

పొద్దున ఆ కబురు వినగానే ఏడుపు రాలేదు. ఇంక అడిగేవాళ్ళు లేరనే తేలిక ముందొచ్చింది. అది దాచి అక్క గురించి ఎంత బాగా రాసినా అబద్ధమే.

వెంటనే ఊరికి తిరిగొచ్చినాను. సాయంత్రానికి అన్నీ ముగిసినాయి. ఇంటికొచ్చి, తలకు పోసుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రెండువైపులనూ ఒక్క మాటతో కట్టేసే ఫ్రేమ్‌వర్క్ అడ్డదారి తీసేసి, పెట్టెలోకి పోయేదొకటి, ప్రతి నొక్కుకూ పెట్టెలోంచి వచ్చేదొకటి విడిగా రాసినాను. అంతే పని. అన్నం చల్లారకముందే అయిపోయింది.

రేపు ఆదివారం. క్లాసు తాళం తియ్యమని అక్క వాళ్ళాయన్ను అడగలేను. పొద్దున్నే మేడ మెట్లమీద కూర్చుంటాను. అలవాటుగా వచ్చే పిల్లల్లో ఒకరి ఫోను అడిగి, ఆ పేజీ తెరిచి చేతికిస్తాను. సగం కొట్టిన మాట, తప్పుతోనే, కింద కదలడం వాళ్ళతోపాటు చూస్తాను.