ముఖం కనబడాలి

నా నోరు కాస్త దురుసే. ఈ సర్కారు దవాఖానలో ఇరవై ఏళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను, మెత్తగా మాట్లాడితే వార్డు నడవదని నా నమ్మకం. ఆ పొద్దున మాత్రం ఆ దురుసుతనం ఒక ముసలామె ప్రాణం మీదికి తెచ్చింది.

డెబ్బై దాటినవాళ్ళకు ఆరోగ్య బీమా కార్డులు వచ్చాక మా పని పెరిగింది. కార్డున్న రోగిని మంచం మీద ఫొటో తీసి పంపితేనే బీమా సొమ్ము ఆసుపత్రికి వస్తుంది. ముఖం స్పష్టంగా కనబడాలి. ఆ సొమ్ముతోనే కిందటేడు ఆక్సిజన్ కొలిచే మానిటర్లు వచ్చాయి. అంతకుముందు వార్డు మొత్తానికి ఒకటే ఉండేది, అందుకే ఫొటోల గొడవను తిట్టుకుంటూనే తీయించేదాన్ని.

ఆ ముసలామె బన్సీలాల్‌పేట్ నుంచి ఆయాసంతో వచ్చింది. ఆక్సిజన్ మాస్క్ పెట్టాం. కార్డుల పని చూసే ఆయన ఫోన్ పట్టుకుని రెండుసార్లు వచ్చి, మాస్క్‌తో ముఖం కనబడక వెనక్కి పోయాడు. మూడోసారి నా మీద విసుక్కున్నాడు. ఆ విసుగంతా నేను తీసుకెళ్ళి మంచం పక్కనున్న కూతురి మీద కుమ్మరించాను.

"జెర దమ్ము తగ్గంగనే మీ అమ్మ ఫొటో దిగాలె. ఫొటో లేకుంటే కేసు పాస్ కాదు, ముందే చెప్తున్న."

కూతురు మందులకు వెళ్ళింది. నేను పక్క మంచానికి సెలైన్ పెడుతున్నాను. ఇంతలో మానిటర్ మోగింది.

తిరిగి చూస్తే ఆమె మాస్క్‌ను గడ్డం కిందికి లాగేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ పట్టుకున్నాయన నిలబడ్డ తలుపు వైపే చూస్తోంది. పెదాలు నీలం తిరిగాయి. తొంభై మీదున్న అంకె డెబ్బైల్లోకి దిగిపోయింది. పరుగెత్తి మాస్క్ పెట్టబోతే నా చెయ్యి తోసేసింది.

"ఫొటో కానియ్యి బిడ్డా... లేకుంటే ఎల్లగొడ్తరు."

రెండు చేతులతో మాస్క్ అదిమి పట్టాను.

"ఎవ్వరు ఎల్లగొట్టరవ్వా. కార్డు లేకున్నా సుత ఇక్కడ వైద్యం ఫ్రీనే."

ఈ ముక్క ఆమె వచ్చినప్పుడే చెప్పాల్సింది. నాకు తెలుసు కదా, అందరికీ తెలుసనుకున్నాను. ఎనభై. ఎనభై నాలుగు. మళ్ళీ ఎనభై ఒకటి. అంకె తొంభై దాటేదాకా నేను కళ్ళు తిప్పలేదు.

అప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుని, మాస్క్‌లోంచే అడిగింది.

"మరి ఫొటో ఎవరికి బిడ్డా?"

తలుపు దగ్గర ఆయన ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

"మాకేనవ్వా" అన్నాను.