దయామణి మేడం మళ్ళీ ఆడించిన ఆట

నిన్న పుట్టపర్తిలో మా ఆఫీసు కంప్యూటరు ఒకటి మొండికేస్తే మూత విప్పించాను. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం తాడిపత్రిలో దయామణి మేడం కంప్యూటర్ సెంటరు గుర్తొచ్చింది. ఊరి చుట్టూ బండలు కోసే ఫ్యాక్టరీలు కదా, అక్కడి గాలిలోనే రాతిపొడి ఉంటుంది. ఆరేసిన బట్టల మీదా, వడ్డించిన అన్నం మీదా, వదిలేస్తే కంప్యూటర్ల కడుపులోనూ పేరుకుంటుంది. మేడం రోజూ పొద్దున్నే సైకిలు పంపుతో కంప్యూటర్లకు గాలి కొట్టేది. చూసినవాళ్ళు నవ్వితే తనూ నవ్వేది గానీ పంపు మాత్రం వదిలేది కాదు.

నేను ఆ సెంటరులో పాఠాలు చెప్పేవాణ్ణి. మేడంకు చదరంగం అంటే ప్రాణం. ప్రతి వేసవి సెలవుల్లోనూ అంతర్జాతీయ కంప్యూటర్ చదరంగం పోటీ పెట్టేది. అందులో ఆడేది మనుషులు కాదు, మనుషులు రాసిన ప్రోగ్రాములు. ఇలాంటి పెద్ద పోటీలకు పోవాలంటే విమానమెక్కాలి, హోటల్లో దిగాలి, ఎవరి ఖరీదైన యంత్రం వాళ్ళు తెచ్చుకోవాలి. "విమానానికి దుడ్లున్నోడిదే తెలివంటే ఎట్లప్పా?" అనేది మేడం. ఆమె పోటీకి ప్రవేశ రుసుము లేదు. ఏ దేశం నుంచైనా ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో పంపితే చాలు, తన కంప్యూటర్ల మీదే ఆడించేది. అన్నీ ఒకే రకం, ఒకే షాపులో కొన్నవి. ప్రతి జోడీకీ రెండు ఆటలు. మొదటి ఆటలో తెల్లపావులతో ఆడిన ప్రోగ్రాముకు రెండో ఆటలో నల్లపావులు. ఒకసారి ఎవరో పెద్దమనిషి, నా ప్రోగ్రాము మా ఊళ్ళోని భారీ యంత్రం మీదే నడుస్తుంది, దూరం నుంచే కలుపుతానని రాశాడు. "మా ఇంటికొచ్చినోళ్ళు మా కంచంలోనే తినల్లని రాయి," అంది నాతో. దాన్ని ఇంగ్లీషులో మర్యాదగా రాసేసరికి నాకు సగం పూట పట్టింది. ఆయన రానేలేదు. ఆమె బాధపడనూ లేదు.

ఒక ఏడు నేనూ నా ప్రోగ్రామును పోటీలో పెట్టాను. మా నాయనది బండల పాలిష్ పని. సెంటరులో నాకొచ్చే జీతం ఇంటికి ఏ మూలకూ వచ్చేది కాదు. "ఈ ఆటలో గెల్చి నీ పేరు బయటికొచ్చి, ఎవరన్నా పిల్చి పనిస్తే సరే. లేకుంటే మిషను కాడికి రా. ఇల్లు జరగొద్దా?" అని నాయన తెగేసి చెప్పాడు. ఆ గెలుపు కోసం నేను తిండి కూడా మానేసి కూర్చున్నాను.

చివరి పోటీ నా ప్రోగ్రాముకూ, చిలీ దేశంలో ఒక బడిపంతులు రాసిన ప్రోగ్రాముకూ పడింది. మొదటి ఆట డ్రా. రెండోది నాది గెలిచింది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఫోను చేస్తే నాయన పని ఆపి, మిఠాయి పొట్లం కొనుక్కుని, ఒళ్ళంతా తెల్లటి రాతిపొడితోనే వచ్చాడు. ఇక ఫలితం ప్రకటించడమే తరువాయి. మేడం మాత్రం చిలీ ప్రోగ్రాము ఆడిన కంప్యూటరు ముందు నుంచి కదల్లేదు. రెండో ఆట మధ్యలో దాని వేగం పడిపోయినట్టు తెర మీది లెక్కల్లో ఆమె కంటబడింది. మూత విప్పి చూసింది. మధ్యాహ్నం లేచిన సుడిగాలికి లోపల దుమ్ము పట్టి ఫ్యాను తిరగడం మానేసింది. యంత్రం వేడెక్కి, ఆ ప్రోగ్రాముకు ఆలోచన మందగించింది.

"ఇది గెలుపు కాదు ఓబులేసూ. మళ్ళా ఆడిద్దాం," అంది.

"చిలీ ఆయనకు తెలీదు మేడం. ఆయన అడగను కూడా అడగలేదు."

"అడగలేడనే గదప్పా మనం చూడల్ల. ఆయప్ప యాడో ఉండాడు. ఈడ ఆయప్ప తరపున ఎవురుండారు?"

"మా నాయన ఏమన్నాడో మీకు తెలుసు కదా మేడం."

"తెలుసు. నాకూ నువ్వే గెలవల్లని ఉండాది," అంది. "అయినా ఆడిస్తా."

నాయనకు ఒళ్ళు మండింది. "ఏందమ్మా, గెల్చినోన్ని ఓడిపోయేదాకా ఆడిస్తావా?" అని నిలదీశాడు. ఆమె ఫ్యాను శుభ్రం చేసి, రెండో ఆటను మొదటి నుంచి పెట్టింది. ఈసారి చిలీ ప్రోగ్రాము నా ఏనుగును మూలకు నెట్టి, ఊపిరాడనివ్వకుండా గెలిచింది. "మీ మేడం మనిషి కాదురా, తక్కెడ," అని నాయన పొట్లం బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

నేను పాలిష్ మిషను దగ్గరికి పోక తప్పలేదు. నెలల తరబడి ఆమె మీద కారాలు మిరియాలు నూరాను. ఆమే మా ఇంటికొచ్చి, "సాయంత్రం సెంటరు ఖాళీగా ఉంటాది, వచ్చి కూర్చో. ఎందుకు ఓడినావో చూసుకోవా?" అంది. బింకంగానే వెళ్ళాను. నా ప్రోగ్రాము ఏనుగు విలువను తప్పుగా లెక్కగడుతోందని కనిపెట్టడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్న పనే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. ఆ దొంగ గెలుపు నిలిచి ఉంటే, ఆ తప్పును నెత్తిన పెట్టుకుని ఊరేగేవాణ్ణి. మేడం పోయి కొన్నేళ్ళయింది. అంత నిక్కచ్చి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్ళను ఎంపిక చేసే పని నాది. మొన్న నల్లమాడ నుంచి ఒకమ్మాయి వీడియోలో ఇంటర్వ్యూకు కూర్చుంటే, నెట్ తెగుతూ అతుకుతూ ఆమె మాట సగమే వినిపించింది. "ఈమెకు రాదు సార్, వదిలేద్దాం," అన్నాడు పక్కనున్న మేనేజరు. నేను ఒప్పుకోలేదు. బస్సు చార్జీ ఆఫీసే ఇచ్చేటట్టు మాట్లాడి, మర్నాడు పిలిపించి, మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడిగాను. అయినా ఆ ఉద్యోగం ఆమెకు దక్కలేదు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "నిన్న నెట్టు వల్ల పోయిందనుకుంటి సార్. ఈ పొద్దు నాకే రాలేదు. నేర్చుకోని మళ్ళా వస్తా," అంది.

"రామ్మా," అన్నాను. గేటు దాకా వెళ్ళి సాగనంపాను.