మాచర్ల రైల్లో జొన్నరొట్టె

మాచర్ల హోటల్లో గోంగూర పప్పు తిని తీరాలని, బందరు నుంచి ఆకలిని భద్రంగా దాచుకుని వస్తున్నాను. నడికుడిలో ఒక పెద్దావిడ రైలెక్కి, నా ఎదురుగా కూర్చుని మూట విప్పింది. జొన్నరొట్టెలు, పండుమిరపకాయ పచ్చడి.

“తిను నాయనా.”

“వద్దు పిన్నీ, మాచర్లలో తింటాను. మీరు కానివ్వండి.”

ఆవిడ మూట మళ్లీ కట్టేసింది.

“ఎదురుగా మనిషి పస్తుంటే నాకెట్టా దిగుద్ది? పొద్దున్నించీ ఏం తినలా. నాకేందిలే, మాడతా.”

పెట్టెలో జనమంతా నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశారు. చేయి చాపాను. రెండో ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అమ్మ గుర్తొచ్చిందా అబ్బాయ్?”

“అమ్మే కాదు పిన్నీ, పోయిన తాతలు కూడా కనిపిస్తున్నారు.”

“అయితే ఇంకోటి తిను.”

తిన్నాను. ఆ తర్వాతే ఆవిడ రొట్టె తుంచింది.

అయినా నేను పట్టిన పట్టు విడవలేదు. మాచర్లలో దిగి, తిన్నగా హోటలుకే వెళ్లి, గోంగూర పప్పు వేయించుకున్నాను.

“ఏమయ్యా, ఇంత చప్పగా ఉందేం?” అన్నాను.

వడ్డించేవాడు నా ఎర్రటి కళ్లకేసి చూసి, చెంబుడు మజ్జిగ తెచ్చిపెట్టాడు.

“రైల్లో ఎవరన్నా అన్నం పెట్టారా అండీ?”