కొట్టం దాకా తవ్విన అత్త

పోయిన నెల ఒక ఉదయం నేను పెరటి కొట్టంలో కూర్చొని ఫోన్‌లో ఎవరో పెద్దాయనతో మాట్లాడుతుంటే మా ఆయన వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. నేను పనిలో ఉన్నప్పుడు ఆయన అటు రాడు. హెడ్‌ఫోన్ తీశాను.

"అమ్మ పలుకుతా లేదు" అన్నాడు.

ఇంటి ముందు చేట ఒళ్ళో పెట్టుకొని గోడకు ఆనుకొని ఉంది మా అత్త. నిద్రపోతోందనుకొని పక్కింటావిడ రెండుసార్లు పలకరించి వెళ్ళిపోయిందట. పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాం. అప్పటికే అంతా అయిపోయిందన్నారు.

ఆమె గురించి చెప్పడానికి పెద్ద పెద్ద సంగతులేమీ లేవు. బడికి పోలేదు. మా ఊరు రాయచెర్లు వదిలి ఎక్కువ దూరం వెళ్ళిన మనిషి కాదు. కానీ నేనీ రోజు కొట్టంలో కూర్చొని నాలుగు జిల్లాల వాళ్ళతో మాట్లాడుతున్నానంటే అది ఆమె చేతి చలువ. అదొక్కటీ చెప్పాలని ఉంది.

మా భూమి సోలార్ పార్కు లీజుకు పోయాక మా ఆయనకు అక్కడే ప్యానెళ్ళు కడిగే పని దొరికింది. అత్తకు మాత్రం ఏమీ మిగల్లేదు. పొద్దున్నే పార్కు కంచె దాకా నడిచి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేది. ఎవరింటి ముందు గడ్డి కనబడినా వంగి పీకేది. "చేతులు ఊరకుండవమ్మే నాకు" అనేది.

అప్పుడే నాకొక ఉద్యోగం వచ్చేలా కనిపించింది. ఆసుపత్రి నుంచి ఇళ్ళకు వెళ్ళిన రోగులకు తెలుగులో, కన్నడలో ఫోన్ చేసి, మందులు వేసుకుంటున్నారా అని అడగాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే రోగుల మాటలు ఇంకొకరి చెవిన పడకుండా విడిగా గది ఉండాలి, ఇంటర్నెట్ తెగకూడదు. విడిగా ఉన్నది పెరట్లోని కొట్టం ఒక్కటే. ఒకప్పుడు శెనక్కాయలు పోసుకున్న చోటు. ఇంట్లో రౌటర్ ఉంది కానీ మా రాతి గోడలు దాటి సిగ్నల్ కొట్టం దాకా పోయేది కాదు. మన్నులో వైరు వేసి తీసుకుపోవాల్సిందే.

మొదట అత్తకే ఇష్టం లేదు. "కొట్టంలో కూసొని ఎవరితోనో మాట్లాడేది, అదేం పనే?" అంది. నేనూ ఊరుకోలేదు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

మూడో రోజు పరీక్ష కోసం ఆ ఉద్యోగంవాళ్ళు ఫోన్ చేశారు. ఇంట్లో చుట్టాలు, టీవీ. నేను పెరట్లోకి పరుగెత్తి, బండ మీదికెక్కి, సిగ్నల్ అందేచోట కదలకుండా ఎండలో నిలబడి మాట్లాడాను. మధ్యలో రెండుసార్లు తెగింది. సోమవారం దాకా గడువిస్తాం, అప్పటికీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళను చూసుకుంటాం అన్నారు. దిగి చూస్తే అత్త వంటింటి వాకిట్లో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

మర్నాడు తెల్లవారి గడ్డపార చప్పుడుకు లేచాను. ఇంటి వెనక గోడ నుంచి కొట్టం వైపు అత్త తవ్వుతోంది. గరుసు నేల మెత్తబడాలని సాయంత్రమే బిందెలతో నీళ్ళు పోసి ఉంచిందట.

"ఏంది అత్తా ఇది?"

"వైరు పోవల్లంటివి గదా. నీ మొగుడు ఆదివారం, ఆదివారం అంటానే ఉంటాడు."

"జానెడు లోతు చాలు."

"జానెడైతే మేక కాలు తగిల్తే బయటపడుతాది. మూరెడు పోనీ."

పార అందుకోబోతే ఇవ్వలేదు. "మన్ను తవ్వి ఎన్నాళ్ళాయనో. నన్ను తవ్వనీమ్మే" అంది. ఆ గొంతు విని నేను పక్కకు జరిగాను. మధ్యాహ్నానికి కాలువ కొట్టం చేరింది, దారం పట్టి గీసినంత తిన్నగా.

హొసకోట పోయి రెండో రౌటర్, పొడుగు వైరు, పైపు తెచ్చుకున్నాం. వైరును పైపులో దూర్చి, కాలువలో పరిచి, మన్ను కప్పాం. కొట్టంలో కొత్త రౌటర్ లైట్లు వెలిగాయి కానీ ఇంటర్నెట్ రాలేదు. పైగా ఇంట్లో ఉన్నదీ ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నమంతా ఫోన్‌లో వీడియోలు చూస్తూ తల పట్టుకున్నాను. అత్త పక్కనే కూర్చొని ఉంది.

"ఏందమ్మే దాని కత?"

"రెండూ ఒకే నంబరు పెట్టుకొని కూసున్నాయి అత్తా. వచ్చిన ఫోన్లకు నంబర్లు నేనిస్తానంటే నేనిస్తానని కొట్లాడుకుంటాండాయి."

ఆమె పకపకా నవ్వింది. "పెత్తనం కోసం కొట్లాటనా? మన ఇంట్లో అది కొత్తా?"

నాకూ నవ్వొచ్చింది. అన్ని రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే. కొత్తదాని నంబరు మార్చి, నంబర్లు పంచే పని దానికి ఆపేసి, వైరును వెనక వేరే రంధ్రంలో పెట్టాను. ఈసారి వచ్చింది.

"ఇంట్లో పెద్దదే నంబర్లిస్తాది. ఇది దాని మాట విని ఈడ పంచుతాది" అన్నాను.

"వింటే మేలే. కానీ ఈడ పని ఈడిదే. ఆ పెద్దది ఈడికి రాగూడదు" అంది అత్త.

అది రౌటర్ల మాట కాదని సోమవారం తెలిసింది. తన ఇంట్లో, తన కొట్టం బయట నిలబడి "రావచ్చునా?" అని అడిగింది. చివరి దాకా అడుగుతూనే ఉంది.

ఉద్యోగం నిలిచింది. కొన్నాళ్ళకు అత్త మూతి ముడుచుకొని వచ్చింది. "ఊర్లోవాళ్ళ మాత్రలన్నీ అడుగుతావు. నా బీపీ మాత్ర అడిగినావా ఒక పొద్దైనా?"

అప్పటి నుంచి పనికి కూర్చునే ముందు మొదటి ఫోన్ ఆమెకే. ఆమె ఇంట్లో, నేను పెరట్లో.

"నమస్కారమండీ. ఈ రోజు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకుంటి తల్లీ. మీరెవురో గానీ శానా బాగ మాట్లాడ్తారు" అనేది, నవ్వు ఆపుకొంటూ.

ఆమె పోయిన రోజు కూడా అదే జవాబు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను మొదట వెతికింది ఆ మాత్రల అట్ట. ఆ రోజు మాత్ర ఉండాల్సిన గూడు ఖాళీగానే ఉంది. నాతో అబద్ధం చెప్పలేదు.

కర్మలన్నీ ముగిశాక కొట్టం తెరిచి ఊడుస్తుంటే, గోడ అడుగున వైరు లోపలికి వచ్చే కంత దగ్గర చీపురు ఆగింది. పురుగూ పుట్రా దూరకుండా అత్త ఎప్పుడు పూడ్చిందో, ఎర్రమన్ను తడిపి మెత్తి ఉంది. ఆ మన్ను మీద నాలుగు వేళ్ళ గుర్తులు, పక్కనే బొటనవేలిది.

వెనకే వచ్చిన మా ఆయన వంగి చూశాడు. "మన్ను రాలిపోతాది. కొంచెం సిమెంటు పూస్తా."

"వద్దు, అట్లే ఉండనీ" అన్నాను.

ఆయన అక్కడే కూర్చొని, ఆ గుర్తుల్లో తన వేళ్ళు ఒక్కొక్కటే ఆనించి చూసుకున్నాడు.