బాబా తుపాకికి పొడుగు గొట్టం

ఒమాన్‌లో నేను పనిచేసిన ఇల్లు అల్ సువైక్‌లో, సముద్రానికీ ఖర్జూరం తోటలకూ మధ్య ఉండేది. మాది కడప జిల్లా. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. వంటా బట్టలూ నేనే చూసుకున్నా, అసలు నన్ను పెట్టుకున్నది ఆ ఇంటి ముసలాయన కోసం. మా సారు తండ్రి. అందరిలాగే నేనూ ఆయన్ను బాబా అనేదాన్ని. ఆయన నన్ను బింతీ అని పిలిచేవాడు, బిడ్డా అని. వేళకు ఆయన కళ్లలో చుక్కల మందు వేయడం నా డ్యూటీ.

చలికాలం పొద్దుల్లో సముద్రం మీంచి మంచు లేచి తోటలోకి వచ్చేది. చెట్ల మొదళ్లు మాయమై, తలలు మాత్రం గాల్లో తేలుతున్నట్టు ఉండేవి. ఆ తెల్లదనంలో బాబా తుపాకి పట్టుకుని నిలబడితే, నేనింకా నిద్ర లేవలేదేమో అనిపించేది. మూతిలోంచి మందూ గుండూ వేసి, కడ్డీతో దట్టించి, వత్తి అంటించి పేల్చే పాతకాలపు తుపాకి అది. మా పక్క అడవిపందుల కోసం అట్లాంటి నాటు తుపాకులు దాచుకునేవాళ్లు. బాబా మాత్రం ఏ జీవాన్నీ కొట్టేవాడు కాదు. ఎండిన వాగులో తన ఈడు వాళ్లతో కలిసి, దూరంగా రాళ్ల మధ్య నిలబెట్టిన తెల్ల పలకకు గురిపెట్టి కొట్టడమే ఆయన సరదా.

ఆ ఏడు తుపాకి గొట్టం చెడిపోయింది. లోపలంతా తుప్పు తినేసి, మూతి దగ్గర సన్నగా పగులు వచ్చింది.

"ఇంక పేలిస్తే చెయ్యి పోతుంది బాబా. గోడకు తగిలిద్దాం, అందంగా ఉంటుంది" అన్నాడు సారు.

బాబా తన ఖావా, చక్కెర లేని కాఫీ, తాగి లేచిపోయాడు. గురువారం సెలవు వచ్చేసరికి తుపాకిని దుప్పట్లో చుట్టి, అందరికంటే ముందు కారెక్కి కూర్చున్నది ఆయనే. చుక్కల మందు వేయాలి కాబట్టి నన్నూ తీసుకుపోయారు.

కొండల వైపు పోయేకొద్దీ మంచు వెనకబడింది. బూడిదరంగు కొండలు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ, చివరిదేదో కొండో ఆకాశమో తెలియకుండా ఉన్నాయి. కారు ఊపుకు నాకు కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి కొండ కింద ఊళ్లో, తుపాకులు బాగుచేసే ఆయన ఇంటి ముందు ఉన్నాం.

ఆయన దగ్గర ఈ తుపాకికి సరిపోయే గొట్టాలు రెండున్నాయి. ఒకటి పాతదాని పొడుగే. రెండోది దానికంటే జానెడు ఎక్కువ, బరువు కూడా. బాబా చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయినప్పుడు సారు నా దగ్గరికి వచ్చాడు.

"పొడుగుది ఆయన మొయ్యలేడు. చేతులు ఎట్లా వణుకుతాయో నువ్వు చూస్తూనే ఉన్నావు. నిన్ను అడిగితే పొట్టిదే బాగుందని చెప్పు. నీ మాట వింటాడు."

"సరే సార్" అన్నాను.

ముందు పొట్టి గొట్టం బిగించి ఇచ్చారు. బాబా నిలబడి ఎదురుగా ఉన్న సున్నం గోడకు గురిచూశాడు. గొట్టం కొసన చిన్న ఇత్తడి పూస ఉంటుంది. కంటి దగ్గరి గాడిలోంచి ఆ పూసను చూసుకుని, దాన్ని గురి మీదికి తేవాలి. తెల్ల గోడ ముందు ఆ కొస వాలీ వాలని ఈగలాగా కదులుతూనే ఉంది.

"పూస అలుక్కుపోతోంది" అన్నాడు బాబా.

తర్వాత పొడుగుది. ఎత్తడానికి ఆయనకు కష్టమైంది, మూలిగాడు. సారు పట్టుకోబోతే తల అడ్డంగా ఊపాడు. కొస మెల్లగా ఒకపక్కకు ఊగి, మెల్లగా వెనక్కి వచ్చి, గాలి ఆగినాక మట్టలాగా కుదురుకుంది. ఆయన ముఖంలో ముడతలు సడలాయి.

"దూరం జరిగేసరికి పూస తేలింది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

నాకు అర్థమైంది. అప్పటికే నేను సూదిలో దారం ఎక్కించాలంటే సూదిని చెయ్యి చాచినంత దూరం పెట్టేదాన్ని. దగ్గరగా ఉంటే బెజ్జమే కనపడేది కాదు.

తుపాకి దించి బాబా నా వైపు తిరిగాడు. "నా కన్ను నన్ను మోసం చేయొచ్చు. నీ కంటికి ఏం కనపడింది బింతీ?"

సారు నా వైపే చూస్తున్నాడు. నా పాస్‌పోర్టు ఆయన దగ్గర ఉంది, నా పిల్లల చదువు ఆయన ఇచ్చే జీతంలో ఉంది. పొట్టిదే అందామని నోరు తెరిచాను. కానీ బాబా ఆ కళ్లను రోజూ నా వేళ్ల కింద నమ్మకంగా తెరిచి పెట్టేవాడు.

"పొట్టి దాంతో చేతులు వణికాయి బాబా. పొడుగు దాంతో అంత వణకలేదు" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు సారు దారిపొడుగునా నా వైపు చూడలేదు. వెనక సీట్లో బాబా కొత్త పొడుగు గొట్టాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని నిద్రపోయాడు. ఎండలో ఆ ఇనుము నీళ్లలాగా మెరుస్తూ ఉంది. ఇంటికి పంపించేస్తారేమోనని నేను గుబులుపడుతూ కూర్చున్నాను. పంపించలేదు. కొన్నాళ్లు సారు నాతో ముభావంగా ఉన్నాడు, అంతే.

పొడుగు గొట్టం తెచ్చే చిక్కు వాగులోకి పోయినాకే తెలిసింది. మందు పోయాలంటే తుపాకిని నిలబెట్టాలి. బాబా పొట్టి మనిషి. మూతి ఆయన తల దాటి పైకి పోయింది. మునివేళ్ల మీద లేచి పోయబోతే మందు గడ్డం మీద రాలింది. మిగతా ముసలివాళ్లు నవ్వారు, ఆయనా నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి.

కారుకు ఆనుకుని నిలబడ్డ సారు అప్పుడు కదిలాడు. పాదాల దాకా ఉండే తెల్ల దిష్‌దాషా పైకి మడుచుకుని మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో ఇసుక తవ్వాడు. ఆ గుంతలో తుపాకి మడమ దించితే మూతి బాబా భుజాల ఎత్తుకు వచ్చింది.

"ఎంత పొయ్యాలో చెప్పు" అన్నాడు సారు.

బాబా చెప్పాడు. కొడుకు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాడు. అంత నిదానంగా ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడటం అదే తొలిసారి. మొదటి గుండు పలక కింద రాళ్లలో పోయింది. బాబా పూసను కాస్త పైకి పట్టాడు. తర్వాతి గుండుకు పలక మోగింది. పొగ మా అందరి మధ్యకు వచ్చి చాలాసేపు కదలకుండా నిలబడింది. అందులోంచి తండ్రీకొడుకుల మాటలు వినిపించాయి గాని ముఖాలు కనపడలేదు.

సారు మళ్లీ ఆ గుంత దగ్గర ఇసుక మీద కూర్చుని, తుపాకి కోసం చెయ్యి చాపాడు.