తెల్లచుక్కలు తుడిచే పని

అనంతపురంలో ధూళిని ఎవరూ గెలవలేరు. నేను పదేళ్లు దానితో కొట్లాడాను, జీతం తీసుకొని మరీ ఓడిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పనిచేసే ఫొటో స్టూడియోలో ఒక స్కానర్ కొన్నారు. గాజు మీద నెగటివ్ పరిచి మూత వేస్తే, మూతలోని దీపం వెలిగి బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వచ్చేది. ఆ సంగతి తెలిసి జనం ఎప్పటెప్పటివో నెగటివ్‌లు పట్టుకొని రాసాగారు. ట్రంకుపెట్టెల అడుగున, శెనక్కాయల మూటల పక్కన, దేవుడి గూట్లో పడి ఉన్నవన్నీ నా బల్ల మీదికి చేరేవి. ఫిల్ము మీద కంటికి ఆనని నలుసు కూడా తెర మీద తెల్లచుక్కై కూర్చునేది. వాటిని తుడవడమే నా ఉద్యోగం.

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టేదాన్ని. తర్వాత మెత్తటి కుంచెతో దులిపేదాన్ని. మన పొడిగాలికి ఎంత దులిపినా ధూళి మళ్లీ వచ్చి అతుక్కునేది. వాకిలికి తడి దుప్పటి కట్టుకుంటే కొంత ఆగుతుంది. కానీ తాగే నీళ్లకే బిందెలు వరస కట్టే కాలం అది. దుప్పటి తడపడానికి బకెట్ నీళ్లు అడిగితే మా ఓనరు నేనేదో ఆస్తి రాసిమ్మన్నట్టు చూసేవాడు. గీతలకు మాత్రం డార్క్‌రూమ్ కాలం నాటి చిట్కా ఒకటి ఆయనే నేర్పాడు. ముక్కు పక్కనుండే జిడ్డును వేలికొసతో తీసి ఫిల్ము నున్నటి వైపు సన్నగా రాస్తే గీత పూడిపోతుంది. నవ్వకండి, నిజంగానే పూడేది. ఈ జిల్లాలో ఎంతమంది పెళ్లిళ్ల మీద నా ముక్కు జిడ్డు ఉందో నాకే తెలియదు.

కంప్యూటర్లో ఒక ఫిల్టరు కూడా ఉండేది. ఒక్కసారి నొక్కితే చుక్కలన్నీ మాయం. వాటితోపాటు మీసాలు, కనురెప్పలు, చీర అంచులో జరీ కూడా మాయమయ్యేవి. అందుకని దాని జోలికి పోకుండా, పక్కనున్న రంగు తెచ్చి ఒక్కో చుక్కనూ చేత్తోనే కప్పేదాన్ని. సాయంత్రానికి కళ్లు మూసుకున్నా చుక్కలే కనిపించేవి. అన్నంలో కూడా చుక్కలు ఏరేదాన్నని ఇంట్లో నవ్వేవాళ్లు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆషాఢం గాలి పిచ్చిగా కొడుతున్న రోజుల్లో ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కాగితం మడతలో ఒకే ఒక్క నెగటివ్.

"పెద్దది చేసియ్యి మా. గోడకు తగిలించుకుంటా," అన్నాడు.

స్కాన్ చేసి చూస్తే భుజాన కంబళి, చేతిలో కర్రతో ఆయనే నిలబడి ఉన్నాడు. వెనక ఎర్రటి బయలు, ఒక గుట్ట. ఆ బయలంతా నూకలు చల్లినట్టు తెల్లచుక్కలు. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. చేత్తో కప్పడం మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది, చేసిందంతా పోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఓనరు వచ్చి, "ఏం మా, ఇంగా కాలేదా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముసలాయన బొమ్మ చుట్టూ గీత గీసి, దాన్ని మాత్రం వదిలి, మిగతా బయలంతటి మీదా ఆ ఫిల్టరు నడిపేశాను. ఒక్క చుక్క మిగల్లేదు.

వారం తర్వాత ఆయన వచ్చి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"ఇదేం మా, నా జీవాలు యాడికి పోయినాయి?"

"ఏ జీవాలు?"

"నా ఎనకాల ఉండాయి గదమ్మా, గొర్లు! మేపుతా ఉంటే మా ఊరి బడి అయ్యవారు తీసినాడు. మొన్న కరువుకు మేతా నీళ్లూ దొరక్క అన్నిట్నీ సంతకు తోలేసినా. ఇంగ నాకాడ ఉండేది ఈ ఫొటో ఒక్కటే."

ముందు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ముందే చెప్పి ఉండొచ్చు కదా అని. ఆ తర్వాత సిగ్గేసింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ధూళి మీద కోపంతో ఆయన మందను ఊడ్చేశాను. అదీ గొర్రెల మధ్యే పుట్టి పెరిగిన ఈ జిల్లాదాన్నై ఉండి.

నెగటివ్ మా దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రెండుసార్లు స్కాన్ చేశాను, మధ్యలో గాజు తుడిచి, ఫిల్మును జరిపి. మొదటిసారి ఉండి రెండోసారి లేని చుక్కలు గాజు మీది ధూళి. రెండిట్లోనూ ఉన్నవి గొర్రెలైనా కావాలి, ఫిల్ములోకే దిగిపోయిన మట్టైనా కావాలి. అక్కడితో నా విద్య అయిపోయింది. ఆ రెండిటికీ తేడా నాకు తెలియలేదు. మొదటి స్కానే కాస్త స్పష్టంగా వచ్చింది. దాన్నే తెర మీద పెట్టి, ముసలాయనను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాను.

"ఇది దుమ్ము, తీసెయ్," అనేవాడు. "ఇది గొర్రె. తలకాయ వంచి మేస్తాండాది, చూడు." నేను పెద్దది చేసి చూస్తే నాలుగు తెల్లటి చదరపు గళ్లు కనిపించేవి. తలకాయ లేదు, తోక లేదు. "ఈ రెండూ తల్లీబిడ్డలు. దాన్ని ఇడిసి ఇది ఉండదు." అలా మధ్యాహ్నం దాటేదాకా కూర్చున్నాం. ఆయన ఒక్కసారి కూడా తడబడలేదు. నా నడుము పట్టేసింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి.

చివరికి గుట్ట మీద, ఆకాశానికి ఆనుకొని ఒక్క చుక్క మిగిలింది. రెండో స్కాన్‌లో అక్కడ ఏమీ లేదు. అది గాజు మీది ధూళి, అందులో నాకు అనుమానమే లేదు. తుడవబోయాను. ఆయన గబుక్కున తెరకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని తియ్యద్దు మా. అది శానా మొండిది. ఎంత పిల్చినా మందలోకి రాదు, గుట్టెక్కి నిలబడతాది."

చెప్పాలనే నోరు తెరిచాను. కానీ మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఆ చుక్కను అలాగే ఉంచేశాను.

ఫొటో కాగితం మీదికి వచ్చాక ఆయన దాన్ని వాకిలి దగ్గర వెలుతురుకు పట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ వేలితో ఒక్కో చుక్కనూ తాకుతూ పోయాడు. గుట్ట మీదికి వచ్చి ఆ వేలు ఆగింది.

"అన్నీ వచ్చినాయి మా," అన్నాడు.