పాత పొయ్యి పగలగొట్టిన ఫోటో

ఆ ఉదయం ఆ వాకిట్లో ఉన్నవి, ఉన్నవాళ్లు: నేను, ముప్పై శాతం చార్జింగ్ మిగిలిన ట్యాబ్, కట్టెలు తూచే స్ప్రింగు త్రాసు, కట్టెలో తేమ కొలిచే మీటరు, మహిళా సంఘం లీడరక్క, ఆ ఇంటి అవ్వ, ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె కోడలు, గుంజకు కట్టేసిన మేక, రెండు పొయ్యిలు. ఒకటి పది రోజుల కిందట మేమిచ్చిన ఇనుప పొయ్యి. ఒకటి అవ్వ కట్టుకున్న మట్టి పొయ్యి. అవ్వ కొడుకు లేడు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు.

మెకానికల్ ఇంజనీరింగ్ పాసయ్యాక నాకు దొరికిన రెండో ఉద్యోగం అది. మహబూబ్‌నగర్‌లో కిరాయి గది. అక్కడి నుంచి రెండు బస్సులు, ఒక ఆటో మారితే మర్రిగూడ వైపు ఊళ్లు. ఇక్కడ కట్టె అంటే పత్తికట్టె. పత్తి ఏరడం అయ్యాక చేలోంచి పీకి ఇంటి పక్కన కుప్ప వేసుకుంటారు. గ్యాస్ సిలిండర్ కూడా చాలా ఇళ్లలో ఉంది. చుట్టాలొస్తే వెలిగిస్తారు.

మా పొయ్యి ఉచితం. తక్కువ కట్టెతో, తక్కువ పొగతో మండుతుంది. అలా గాలిలో కలవకుండా ఆగిన బొగ్గుపులుసు వాయువును టన్నుల్లో లెక్కకట్టి, ఇంకో దేశంలోని ఏదో కంపెనీకి అమ్ముతారు. ఆ కంపెనీ తన పొగ ఆ మేరకు తగ్గిందని రాసుకుంటుంది. దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న పద్ధతి ఇది. ఏటా ఆ సమావేశాలు జరిగేటప్పుడు ఫోన్లో చూసేవాణ్ని. మొదటి ఏడు చివరిదాకా చూశాను. రెండో ఏడు చప్పట్లు కొట్టే భాగం రాకముందే కట్టేశాను.

ఇంటికి నాలుగు ఫోటోలు తీయాలి. ఒకటి, కొత్త పొయ్యి పక్కన ఇంటివాళ్లు. రెండు, పొయ్యి మీది నంబరు. మూడు, దాని మీద వంట. నాలుగు, పగిలిన పాత పొయ్యి, పక్కన పనిముట్టు పట్టుకుని ఇంటిమనిషి. పాతది ఉంటే కొత్తది మూలన పడుతుందని మా ఆఫీసు నమ్మకం. నాలుగో ఫోటో లేని ఇల్లు జాబితాలోంచి పోతుంది. ఇచ్చిన పొయ్యి వెనక్కి తేవాలి. ఊళ్లో నలభై ఇళ్లు అయిపోయాయి. ఇది ఆఖరిది.

మూడు ఫోటోలు తీసుకుని మట్టి పొయ్యి వైపు తిరిగాను. అవ్వ దానికి అడ్డంగా నిలబడింది.

“కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల ఉంటె పొయ్యి పలగ్గొట్టుమంటవా బిడ్డా? మీ ఇంట్ల గిట్లనే చేస్తరా?”

ఇంట్లో గర్భిణి ఉంటే మగవాళ్లు కొబ్బరికాయ కొట్టరని నాకు తెలుసు. పొయ్యి సంగతి తెలియదు.

“కాన్పయినంక పలగ్గొడతరా అవ్వా?”

“కానియ్యి. పురుడు ఎల్లినంక నువ్వే రా. కల్లు పోసి పలగ్గొట్టిస్త.”

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. కాన్పు అయ్యేదాకా గడువు ఇవ్వడానికి ట్యాబ్‌లో గడి ఏదైనా ఉందా అని అడిగాను. “శుక్రవారం లిస్టు మూసేస్తరు తమ్మీ. ఫోటో ఉంటె పెట్టు, లేకుంటె పొయ్యి పట్టుకరా” అన్నాడు.

కోడలు గడపలో కూర్చుని అంతా విన్నది.

“తీస్కపోకుండ్రి సార్,” అన్నది. “పాత పొయ్యికాడ గొట్టంతోని ఊది ఊది దగ్గొచ్చేది. దగ్గితె కడుపుల బిడ్డ గట్టిగ కదిలేది, భయమయ్యేది. పది దినాల సంది దగ్గు లేదు. రొట్టెలకే పాతది ముట్టిస్త, అబద్ధం ఎందుకు.”

పది రోజులూ ఆమె ఏ పొయ్యి మీద ఏం వండిందో నేను రాసుకోవాలి. రెండు పొయ్యిలూ అన్న జవాబు ట్యాబ్ తీసుకోదు.

లీడరక్క కొంగు బొడ్లో దోపుకుని ఇంటి వెనక్కి పోయింది. పావుగంట పట్టింది. మూడు ఇటుకలు, తడిమట్టి, మీద ఎర్రమన్ను పూత. పొయ్యి తయారయింది.

“గిదే పాత పొయ్యి సారు. కొట్టు ఫోటో.”

“మసి లేదక్కా.”

ఆమె మసిపట్టిన బొగుణె గిన్నె తెచ్చి, దాని అడుగు ఆ మట్టికేసి రుద్దింది. “ఇగ వచ్చింది.”

“గింత చదువు చదివి మసి కోసం సూస్తున్నవా కొడుకా!” అని అవ్వ నవ్వింది. కానీ గడ్డపార చేతికిస్తే నవ్వు ఆపేసింది. “మట్టితోని చేసి పొయ్యి అన్నంక పొయ్యే. ఈ ఇంటోళ్ల చెయ్యి పడొద్దు.”

మేక పత్తికట్టె నములుతోంది. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“మీ ఇంట్ల ఎవరన్న కడుపుతోని ఉన్నరా?”

“లేరవ్వా.”

“పెండ్లయిందా?”

“కాలే.”

“అట్లయితె నువ్వు పలగ్గొట్టు. నీకేం కాదు.”

“పెండ్లి గాని పోరగానికి గిదొక్కటే లాభం,” అన్నది లీడరక్క.

ట్యాబ్ ఆమె పట్టుకుంది. నేను బూటుతో రెండు తన్నులు తన్ని, ట్యాబ్ తీసుకుని పక్కకు జరిగాను. తడిమట్టి విరగలేదు, అణిగిపోయింది. అవ్వ గడ్డపార పట్టుకుని పక్కన నిలబడింది. దాని మొన మట్టికి జానెడు పైన ఉండేలా చూసుకుంది. ఫోటోలో మాత్రం ఆనినట్టే ఉంది.

వెళ్లేముందు లీడరక్కను అడిగాను. “నీ చెయ్యి బాగ తిరిగిందక్కా. ఇది మొదటి పొయ్యి కాదు కద?”

“నువ్వు అడుగలే, నేను చెప్పలే సారు. ఎవరింట్ల ఏదో ఒకటి ఉంటది. ఒకరింట్ల కడుపు, ఒకరింట్ల పెండ్లి, ఒకరింట్ల సావు. పొయ్యి పలగ్గొట్టే దినం ఎప్పుడొస్తది చెప్పు?”

ఆటో కోసం రోడ్డు మీద కూర్చుని ఊరి ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. అన్నీ నేను తీసినవే. ఇరవై తొమ్మిదింటిలో పెంకులకు మసి లేదు. మూల విరిగిన ఒకే ఇటుక పదకొండు ఇళ్లలో కనిపించింది. అంతకుముందు చేసిన ఊళ్ల ఫోటోలు కూడా ట్యాబ్‌లోనే ఉన్నాయి. అవి తెరవలేదు. తెరిచి ఏం చేయాలో తెలియలేదు. నిజం రాస్తే ఇరవై తొమ్మిది ఇళ్ల నుంచి పొయ్యిలు మోసుకొచ్చేది నేనే. వాటితో పాటు ఈ ఇంటిదీ పోతుంది. గడపలో కూర్చున్న ఆ పిల్ల మళ్లీ గొట్టం పట్టుకుంటుంది.

సిగ్నల్ రావడానికి రోడ్డు మీద కొంత దూరం నడవాల్సి వచ్చింది. నాలుగో ఫోటో ఎక్కింది. ఆ ఇంటి పొయ్యి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. చివరి పేజీలో, పగలగొట్టిన పాత పొయ్యిలు ఎన్ని అన్న గడి వచ్చింది. నలభై ఒకటి అని నింపాను.